మూడు ప్రాణాల పోలయ్య

"నేను మళ్ళీ రాను గంగమ్మా. ఈ మాట పేలవంగా ఉంది, తర్వాత మార్చాలి."

సూర్యలంక ఇసుకలో కెమెరా ఎదుట నిలబడి దేవసహాయం మాస్టారు ఆ రెండు వాక్యాలనూ ఒకే బరువుతో, ఒకే తడి గొంతుతో పలికాడు. ఎదురుగా ఉన్న కీర్తన అనే కొత్త నటి వెక్కి వెక్కి ఏడ్చింది. గొడుగు కింద కూర్చున్న దర్శకుడు రాజీవ్ చెయ్యెత్తి ఓకే అన్నాడు.

అప్పుడే ఆటో దిగి, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ వస్తున్న ముబీనా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మొదటి వాక్యం ఆమె పోలయ్య అనే బెస్త పాత్రకు రాసిన మాట. రెండోది ఆమె తనకోసం పక్కన కుండలీకరణాల్లో రాసి పెట్టుకున్న గుర్తు. తప్పు విన్నానేమో అనుకుంది. ఇంతలో ఇంకో టేక్ తీశారు. మాస్టారు మళ్ళీ అదే చెప్పాడు. ఈసారి "తర్వాత మార్చాలి" దగ్గర గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాడు.

ముబీనా పక్కనే బోర్లించి ఉన్న పడవ అంచు పట్టుకుని నిలబడింది.

ఆమెది తెనాలి. తండ్రి అబ్దుల్ షుకూర్ నాటకాల వాళ్ళకు దుస్తులు కుట్టే దర్జీ. రాజుల అంగరఖాలు, మంత్రుల తలపాగాలు, రాక్షసుల నల్ల కోట్లు ఆయన మిషను మీదే తయారయ్యేవి. కొలతలిస్తూ నిలబడిన నటులు ఊరికే ఉండక పద్యాలూ సంభాషణలూ అందుకుంటుంటే, మిషను కింద గుడ్డపేలికలతో ఆడుకునే ముబీనాకు అవే లాలిపాటలయ్యాయి. పెద్దయ్యాక హైస్కూల్లో తెలుగు టీచరైంది. నాటక పరిషత్తు పోటీలకు నాటికలు రాసింది. ముబీనా నాటిక అంటే ఒక్క మాట ఎక్కువ ఉండదని, ఒక్క మాట తక్కువ ఉండదని చెప్పుకునేవాళ్ళు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఒక్కో పేజీని పదిసార్లు తిరగరాసేది.

అలాంటి మనిషి రాజీవ్ సినిమాకు రాయడానికి ఎలా ఒప్పుకుందని తెనాలిలో చాలామంది ఆశ్చర్యపోయారు. రాజీవ్ వేమూరు వైపు పెద్ద రైతు కుటుంబంలో పుట్టాడు. తాత దశరథరామయ్య పేరు చెబితే జంపని దాకా తెలియనివాళ్ళు లేరు. మనవడి పేరు అంతకంటే దూరం పాకింది గానీ వేరే కారణంగా. అతనికి వీడియో గేములంటే ప్రాణం, వాటినే సినిమాలుగా తీసేవాడు. సెల్‌ఫోన్లలో అందరూ ఆడుకునే పాము ఆటను "పాము ఆకలి" పేరుతో తీశాడు. పాము తింటుంది, పెరుగుతుంది, ఇంకా తింటుంది. చివరి అరగంట తెర మీద పాము తప్ప మనిషి కనిపించడు. ఆ తర్వాత పైనుంచి ఇటుకలు పడే ఆటను "ఇటుకల వాన" అని తీశాడు. కథానాయకుడు సినిమా అంతా ఇటుకలు పేరుస్తూనే ఉంటాడు. తెనాలిలో బస్సు రాక ఆలస్యమైతే "రాజీవ్ సినిమాలా అయిపోయింది" అనడం జనానికి అలవాటైపోయింది.

ఆ రాజీవ్ ఒక సాయంత్రం బత్తాయిలు పట్టుకుని ముబీనా ఇంటికి వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ముప్పై దాటినా ముఖంలో పసితనం పోలేదు. పరిషత్తులో ఆమె నాటిక చూసి ఏడ్చానని చెప్పాడు.

"మీలాంటివాళ్ళు రాయకే నా సినిమాలు అలా వస్తున్నాయండి" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ముబీనా పడిపోయింది. తాను చెయ్యి వేస్తే ఎంత చెడ్డ సినిమా అయినా బాగుపడుతుందని లోపల ఎక్కడో గర్వం కూడా కలిగింది. అతను వెళ్ళాక తండ్రిని అడిగింది. షుకూర్ సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆయన సినిమా నేను చూశాను బేటీ. పాము బాగానే చేసింది" అన్నాడు.

ఈసారి రాజీవ్ ఎంచుకున్న ఆటలో ఒక పడవవాడు సముద్రం అడుగున ఉన్న కోటను పట్టుకోవాలి. ముబీనా నెట్ సెంటర్‌కు వెళ్ళి, కాలేజీ కుర్రాళ్ళ మధ్య కూర్చుని ఆ ఆట ఆడి చూసింది. ప్రతిసారీ మునిగిపోయింది. కోటనూ మొసళ్ళనూ పక్కన పెట్టి, పడవవాడిని మాత్రం ఉంచుకుని కథ అల్లింది. పోలయ్య వేటకు వెళ్ళి తిరిగి రాడు. శవమూ దొరకదు. భార్య గంగమ్మ కర్మ చేయనివ్వదు, ఎదురుచూస్తుంది. అంతే కథ. చిత్తుప్రతి పూర్తయ్యాక, పక్కన తన గుర్తులు ఉండగానే, ఒకసారి చూసి ఇస్తానంటే రాజీవ్ చేతికి ఇచ్చింది. తర్వాత అతని దగ్గర్నుంచి కబురు లేదు. ఆమె ఇంట్లో కూర్చుని రెండో ప్రతి చెక్కుతూనే ఉంది.

చివరికి రెండు వేల ఏడు ఫిబ్రవరిలో దేవసహాయం మాస్టారు ఫోన్ చేశాడు. ఆయన రేపల్లెలో మిషన్ స్కూలు టీచరు, పాత రంగస్థల నటుడు. పోలయ్య వేషానికి ఆయన్ని సూచించింది ముబీనాయే.

"షూటింగ్ మొదలైందమ్మా. నీ డైలాగులు ఈసారి చాలా కొత్తగా ఉన్నాయి" అన్నాడాయన.

అందుకే స్కూలుకు సెలవు పెట్టి, తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఇలా వచ్చింది.

భోజనాల వేళ రాజీవ్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "రండి మేడమ్. భోజనం చేశారా?"

"నేను మీకిచ్చింది చిత్తుప్రతి అండి" అంది ముబీనా. "బ్రాకెట్లలో ఉన్నవి డైలాగులు కావు. నాకోసం నేను రాసుకున్నవి."

"అలాగా" అన్నాడు రాజీవ్. "కానీ బాగున్నాయండి. మనిషి ఒక మాట అని, ఆ మాట బాగాలేదని తనే అనడం ఎవరూ రాయలేదు. అలాగే ఉంచుదాం."

"మీరసలు స్క్రిప్టు చదివారా?"

"నేను చదవనండి. చదివితే బుర్రలో ఉన్న బొమ్మ చెడిపోతుంది. ప్రకాశం చదివి చెబుతాడు."

సహాయ దర్శకుడు ప్రకాశం పెరుగన్నం మీదికి తల వంచుకున్నాడు. "నాకు అర్థమైందండి అవి డైలాగులు కావని" అన్నాడు మెల్లగా. "సార్‌కు చెప్పాను. రాసింది రాసినట్టు తీద్దామన్నారు."

ముబీనా దేవసహాయం వైపు తిరిగింది. పెద్దాయన చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉంది. ముఖం పాలిపోయింది.

"నాకూ అనుమానం వచ్చిందమ్మా" అన్నాడు. "కానీ నువ్వు రాశావంటే ఏదో ఆలోచించే రాసి ఉంటావనుకున్నాను. రాసింది మార్చి చెప్పడం నాకెప్పుడూ అలవాటు లేదు కదా."

ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఆమె వల్ల కాలేదు. డబ్బింగులో మాటలు మార్చుకోవచ్చు కదా అని రాజీవ్‌ను అడిగింది. చూద్దామండి అన్నాడు. ఆ "చూద్దాం"లో చూసే ఉద్దేశం లేదని అతని ముఖమే చెబుతోంది. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, తెలిసిన విషయమే గుర్తు చేస్తున్నట్టు అన్నాడు.

"మధ్యాహ్నం ఉండండి మేడమ్. పోలయ్య తిరిగొచ్చే సీను తీస్తున్నాం."

"పోలయ్య తిరిగి రాడండి."

"వస్తాడండి. మూడు ప్రాణాలున్నాయి కదా."

ముబీనా తల అడ్డంగా ఊపింది. తన కథంతా ఒక్క విషయం మీద నిలబడింది. అతను రాడు. కథలోంచి అదొక్కటి తీసేస్తే ఏం మిగులుతుందో ఆమె ఊహకు అందలేదు. "ఆ కథకు అర్థమే అది రాజీవ్ గారూ. రాకపోవడమే" అంది.

"ఆటలో అలా లేదండి" అన్నాడు రాజీవ్ ఎంతో మర్యాదగా. "మూడుసార్లు మునుగుతాడు, మూడుసార్లు లేస్తాడు. అది మార్చకూడదు. ఆడినవాళ్ళు ఊరుకోరు."

ఎండ కాస్త తగ్గాక ఆ సన్నివేశం మొదలైంది. దగ్గర్లోని పల్లె నుంచి బెస్తవాళ్ళను పిలిపించి ఒడ్డున వరసగా కూర్చోబెట్టారు. ముబీనా వాళ్ళ వరసను ఒక చివర నుంచి చూసుకుంటూ పోయింది. వీళ్ళలో సముద్రం మనిషిని తీసుకెళ్ళని ఇళ్ళు ఎన్నుంటాయి? ఆ ప్రశ్న వెనకే ఇంకోటి వచ్చింది. ఇంత కథ రాసిన తాను ఈ పల్లె గడప ఎప్పుడైనా తొక్కిందా? లేదు. తెనాలిలో ఫ్యాను కింద కూర్చుని రాసింది.

మొదటిసారి దేవసహాయం ఎర్ర లుంగీతో నీళ్ళలోంచి లేచాడు. యూనిట్‌లో ఒకతను సైకిల్ బెల్లు టింగుమనిపించాడు. పోలయ్యకు ఒక ప్రాణం ఖర్చయిందని గుర్తు. కూర్చున్నవాళ్ళలో నవ్వులు మొదలయ్యాయి. రెండోసారి పసుపు లుంగీ. మళ్ళీ బెల్లు. ఈసారి పిల్లలు కూడా నవ్వారు. ముబీనా ముఖం పక్కకు తిప్పుకుంది.

మూడోసారి తీసే వేళకు వెలుతురు తగ్గుతోందని అందరూ హడావిడిలో పడ్డారు. ఆ హడావిడిలో బెల్లు అతను టీ తాగడానికి వెళ్ళిపోయాడు. దేవసహాయం ఆకుపచ్చ లుంగీతో అలల్లోంచి లేచి, అలిసిపోయి, నిజంగానే అలిసిపోయి, పెద్దగా నటించే ఓపిక లేక మామూలుగా ఒడ్డుకు నడిచి వచ్చాడు. కీర్తన ఎదురెళ్ళింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?" అంది.

దేవసహాయం ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒంటి మీంచి సముద్రపు నీళ్ళు కారుతున్నాయి.

"ఏం మాట్లాడాలో తెలియడం లేదు" అన్నాడు.

ఆ మాట ఎక్కడిదో ముబీనాకు వెంటనే అర్థమైంది. చిత్తుప్రతిలో గంగమ్మకు ఒక కల వస్తుంది. కలలో పోలయ్య వస్తే ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో ఎంత ఆలోచించినా తోచక, ఆ పేజీలో ఆమె అదొక్క ముక్క రాసి వదిలేసింది. రాజీవ్ కలను నిజం చేశాడు. ఆమె రాయలేకపోవడాన్ని పోలయ్య నోట పెట్టాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పిల్లలు కూడా ఊరుకున్నారు. కట్ అని చెప్పడం రాజీవ్ కూడా కాసేపు మర్చిపోయాడు.

వరసలోంచి ఒకావిడ లేచి ముబీనా దగ్గరికి వచ్చింది. యాభై ఉంటాయేమో. ఎండుచేపల వాసన, ముడి వేసిన నెరిసిన జుట్టు. పేరు సుబ్బరత్నమ్మ అని ప్రకాశం తర్వాత చెప్పాడు. చేతిలో కాగితాలున్నాయి కాబట్టి ముబీనాయే పెద్ద అనుకుందో ఏమో, వంగి నెమ్మదిగా అడిగింది.

"అమ్మాయ్, ఇంకోసారి తీస్తారా?"

"ఎందుకు పిన్నీ?"

"తీస్తే చూద్దామని."

ముబీనాకు సిగ్గేసింది. తప్పు తనది కాదని ఎలాగైనా చెప్పుకోవాలనిపించింది. "ఏమీ అనుకోకు పిన్నీ. నేనలా రాయలేదు. అసలు కథలో ఆయన రాడు."

సుబ్బరత్నమ్మ ఆమెను కాస్త వింతగా చూసింది. "రాకపోతే తీసేదేముంది? రాకపోవడం మాకు తెలిసిందేగా" అంది. తర్వాత, అడక్కపోయినా, బజార్లో చేపల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. "మా ఆయన తొంభై తుఫాన్లో పోయాడు. మనిషి దొరకలేదు."

వెనక్కి వెళ్ళి మళ్ళీ తన చోటే కూర్చుంది. వెలుతురు పూర్తిగా పోకముందే రాజీవ్ ఎలాగూ ఇంకో టేక్ తీశాడు. సుబ్బరత్నమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించి చూసింది. ముబీనా సముద్రాన్నీ దేవసహాయాన్నీ వదిలేసి ఆమెనే చూసింది. ఆ ముఖంలో ఏడుపు లేదు. ఊరు వెళ్ళే బస్సు వస్తోందా అని చూసేవాళ్ళ ముఖంలా ఉంది.

ముబీనాకు ఒళ్ళంతా కోపంగా ఉంది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. చెత్తగా తీసిన సీను, తాను రాయని సీను, ఆ మనిషి మళ్ళీ కావాలంటోంది. తాను పదిసార్లు తిరగరాసిన కథను అక్కర్లేదంది. ఇంత దెబ్బ ఆమెకు పరిషత్తులో ఏ న్యాయనిర్ణేతా కొట్టలేదు.

తేలికగా కోప్పడగలిగిన మనిషి రాజీవ్ ఒక్కడే. ఆ సాయంత్రమే బాపట్లలో అతను దిగిన లాడ్జికి వెళ్ళింది. వాదన పెట్టుకోవాలని దారంతా మాటలు సిద్ధం చేసుకుంది.

"నా పేరు సినిమాలో వేయొద్దండి" అంది.

రాజీవ్ ఫోన్‌లో ఏదో ఆట ఆడుతున్నాడు. తలెత్తి, "అలాగేనండి. ప్రకాశం, మేడమ్ పేరు తీసెయ్" అన్నాడు. టీలో పంచదార వద్దన్నంత తేలిక.

ముబీనా అలాగే నిలబడింది. ఎందుకు అని కూడా అడగలేదు ఆ మనిషి. "మరి ఎవరి పేరు పెడతారు?" అని తనే అడగాల్సి వచ్చింది.

"ఎవరిదో ఒకటి పెడతాంలెండి. టీ తాగుతారా?"

వానాకాలంలో "మూడు ప్రాణాల పోలయ్య" విడుదలైంది. తెనాలిలో మ్యాట్నీకి తండ్రిని తోడు తీసుకుని వెళ్ళింది. బురఖా వేసుకునే అలవాటు లేని ముబీనా ఆ రోజు మాత్రం తనతో పనిచేసే ఝాన్సీలక్ష్మి టీచరుకు కూడా తెలియకుండా వేసుకుంది. పేర్లు పడ్డాయి. కథ, మాటలు: సముద్రం. హాల్లో ఎవరో ఈల వేశారు.

డబ్బింగులో ఒక్క ముక్క మారలేదు. "ఈ మాట పేలవంగా ఉంది" అని పోలయ్య అనగానే హాలంతా "అవును" అంది. అక్కడి నుంచి ప్రేక్షకులు ప్రతి డైలాగుకూ బదులు చెప్పారు. "ఈ సీను పొడుగైంది, కోయాలి" అని గంగమ్మ ఏడుస్తూ అంటే చప్పట్లు కొట్టారు. మూడోసారి పోలయ్య లేచి వచ్చేసరికి జనం అప్పటికే నవ్వి నవ్వి ఉన్నారు. అతను ఏమన్నాడో కూడా వినపడలేదు. ముసుగు లోపల ముబీనా చెవులు కాలిపోతున్నట్టున్నాయి.

ఇంటికి నడిచి వస్తూ ముబీనా తండ్రిని ఎలా ఉందని గుచ్చి అడిగితే, "పాము కంటే నయం బేటీ" అన్నాడు.

సోమవారానికల్లా ఆ హాల్లో వేరే బొమ్మ పడింది. పేరు తీయించుకుని బతికిపోయావని నాటకాల మిత్రులు మెచ్చుకున్నారు. ముబీనా కూడా అలాగే అనుకుంది. కొత్త నాటిక మొదలుపెట్టింది గానీ పేజీ కదల్లేదు. ఏ మాట రాసినా, చూసేవాళ్ళకు ఇది ముందే తెలుసేమో అనిపించి కొట్టేసేది.

దసరా సెలవులు దగ్గర పడుతుండగా దేవసహాయం మాస్టారు స్కూలుకు వచ్చాడు. స్టాఫ్ రూములో కూర్చోనని, వరండాలోనే నిలబడి మాట్లాడాడు.

"రేపల్లెలో ఇంకా ఆడుతోందమ్మా."

"ఏది?"

"మనదే. తీసేసి మళ్ళీ వేశారు. నిజాంపట్నం వైపు పల్లెల నుంచి ట్రాక్టర్ల మీద వస్తున్నారు. నన్ను బజార్లో ఆపి ముట్టుకుని చూస్తున్నారు. మొన్న ఒకావిడ ఇంటికే వచ్చింది." ఆయన ఆగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మా ఇంటికొచ్చి కాసేపు కూర్చుని వెళ్తారా అంది."

"వెళ్ళారా?"

"వెళ్ళకుండా ఎలా ఉంటానమ్మా. వెళ్ళాను. మంచం వాల్చింది. కాఫీ ఇచ్చింది. పెళ్ళైన కూతుర్ని కూడా పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టింది. వాళ్ళేమీ అడగలేదు. నలభై ఏళ్ళుగా స్టేజీ మీద మాట్లాడినవాణ్ణి, నాకక్కడ ఏం మాట్లాడాలో తెలియలేదు."

ముబీనా నమ్మలేకపోయింది. ఆదివారం రేపల్లె రైలెక్కింది.

హాలు ముందు ట్రాక్టర్ ట్రాలీలు, ఆటోలు నిలిపి ఉన్నాయి. లోపల ఎక్కువమంది ఆడవాళ్ళే. సినిమా మొదలైనా కబుర్లు ఆగలేదు. మరమరాలు తిన్నారు, పిల్లల్ని ఆడించారు, బెల్లు మోగినప్పుడల్లా తెనాలి వాళ్ళకు తీసిపోకుండా నవ్వారు. పిచ్చి డైలాగులు పిచ్చివేనని వాళ్ళకూ తెలుసు. ముబీనాకు కాస్త ఊరట కలిగింది. మాస్టారు ఎక్కువ చేసి చెప్పాడనుకుంది.

అప్పుడు తెర మీద ఆకుపచ్చ లుంగీ కనిపించింది.

కబుర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, సైగ చేయలేదు. ముబీనా పక్కనున్న ఆవిడ ముందు సీటు పట్టుకుని వంగింది. పోలయ్య నడిచి వచ్చాడు, నీళ్ళు కారుతూ నిలబడ్డాడు, ఆ ఒక్క మాటా అన్నాడు. హాల్లో పంకాల చప్పుడు వినపడింది. ముబీనా ఆ చీకట్లో చుట్టూ చూసింది. ఇంతమంది ఊపిరి బిగబట్టి ఒక మాట వినడం ఆమె నాటికలకు ఎన్నడూ జరగలేదు. ఆ మాట తనదే. చేతకాక రాసిన మాట. భయం వేసింది ఆమెకు, నిజంగా భయమే.

ఆ తర్వాత సముద్రం అడుగున కోట యుద్ధం ఇంకా చాలాసేపు ఉంది. కానీ సగం హాలు లేచి బయటికి నడిచింది. వాళ్ళకు సినిమా అక్కడితో అయిపోయింది.

బయట సోడా బండి పక్కన రాజీవ్ నిలబడి ఉన్నాడు. వెళ్ళేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూస్తున్నాడు. ముబీనాను చూడగానే దగ్గరికి వచ్చాడు. ఈసారి అతని చేతిలో ఫోన్ లేదు.

"మీరు చెప్పండి మేడమ్. నేనేమన్నా బాగా తీశానంటారా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "లేదండి. ఆ రోజు బెల్లు కొట్టే అతను టీకి వెళ్ళాడు, అంతే."

రాజీవ్ తలాడించాడు, నొచ్చుకోలేదు. "నేనూ అదే అనుకున్నాను. మరి ఎందుకు వస్తున్నారండి వీళ్ళు? రోజూ వచ్చి ఇక్కడ నిలబడుతున్నాను. నాకు అర్థం కావడం లేదు."

"నాకూ పూర్తిగా తెలియదు" అంది ముబీనా. ఆ మాట అన్నాక గుండె కాస్త తేలికపడింది.

"పేరు మళ్ళీ పెట్టించమంటారా? మొదటి రీలు మార్చొచ్చు."

ముబీనాకు పెట్టించండి అనే మాట నాలుక దాకా వచ్చింది. సిగ్గుపడాల్సినంత బలంగా కావాలనిపించింది. వద్దండి అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

రాజీవ్ అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. అతని కళ్ళు మళ్ళీ మెరిశాయి. "రెండో భాగం తీస్తున్నానండి. ఈసారి ఒక్కడు కాదు, పోయినవాళ్ళందరూ వస్తారు. ఊరు ఊరంతా నీళ్ళలోంచి లేచి వస్తుంది. అందరికీ బెల్లు పెడదాం. మీరు రాయాలి."

ముబీనా నిర్ఘాంతపోయింది. పాము పెరిగినట్టు పెరగడమే అతనికి తెలిసింది.

"తీయకండి రాజీవ్ గారూ. ఒక్క మనిషి వస్తే ఎవరికి కావాల్సినవాణ్ణి వాళ్ళు చూసుకుంటున్నారు. అందర్నీ మీరే తెస్తే వాళ్ళు చూసుకోవడానికి ఏం ఉంటుంది?"

అతను శ్రద్ధగా విన్నాడు. ఒక్క ముక్క కూడా ఎక్కలేదని ముఖమే చెప్పింది. "పోనీలెండి. ప్రకాశం రాస్తాడు" అన్నాడు మర్యాదగా, సోడా తాగుతారా అని అడిగాడు.

సాయంత్రం తెనాలి ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు ఖాళీ చేపల బుట్టలు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. పల్లికోన దాటకముందే వాళ్ళ మాటలు చెవిన పడ్డాయి. హాల్లోంచే వస్తున్నారు.

"వచ్చి, పిల్లలు తిన్నారా అన్నాడు చూడు. అక్కడ నాకు ప్రాణం పోయిందనుకో" అంది పెద్దావిడ.

"అలా ఎక్కడన్నాడు వదినా? ఆకలేస్తోంది, అన్నం పెట్టు అన్నాడు."

"నీకు సరిగ్గా వినపళ్ళేదు."

"నీకే వినపళ్ళేదు. మూడుసార్లు చూశాను నేను."

తగువు తెగక ఇద్దరూ ముబీనా వైపు తిరిగారు. "హాల్లో మిమ్మల్ని చూశాం అక్కా. మీరు చెప్పండి. వచ్చి ఏమన్నాడు?" అంది చిన్నావిడ.

ముబీనా నోరు తెరిచింది. ఆ వాక్యం ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో తెలిసిన మనిషి ఈ రైల్లో తనొక్కతే. ఇద్దరూ ఆశగా చూస్తున్నారు.

"నాకూ సరిగ్గా వినపళ్ళేదండి" అంది. "మీకు వినపడింది చెప్పండి. మొదటి నుంచి చెప్పండి."

పెద్దావిడ బుట్టను కాలితో పక్కకు జరిపి, ముందుకు వంగి కూర్చుంది. పోలయ్య నీళ్ళలోంచి లేచిన దగ్గర మొదలుపెట్టింది. లుంగీ తెల్లటిదంది. వర్షం పడుతోందంది. మధ్యలో చిన్నావిడ అడ్డొచ్చి సరిచేసింది. రైలు భట్టిప్రోలులో ఆగింది, వేమూరులో ఆగింది. జంపని వచ్చేసరికి పోలయ్య ఇంకా గుమ్మం దాకా రాలేదు. ముబీనా వింటూనే ఉంది.